హెచ్‌సీవీ రియాక్టివ్ వచ్చింది, పీసీఆర్ రిపోర్ట్ మంగళవారం అంటున్నారు, అప్పటిదాకా ఎలా ఉండాలో తెలియట్లేదు

వెన్నెల_గుంటూరు
గురువారం రాత్రి 11:40

అందరికీ నమస్కారం అండి. ఇక్కడ చదవడమే గానీ రాయడం ఇదే మొదటిసారి. నాకు 36, గుంటూరు. బాబుకి 11, పాపకి 7. గాల్ బ్లాడర్‌లో రాళ్ళున్నాయని ఆపరేషన్‌కి డేట్ ఇచ్చారు, దానికి ముందు మామూలుగా తీసే రక్త పరీక్షలు తీశారు, హెచ్‌ఐవీ లేదు, హెపటైటిస్ బి లేదు, హెచ్‌సీవీ, అంటే లివర్‌ని పట్టే హెపటైటిస్ సి వైరస్ దగ్గర మాత్రం రియాక్టివ్ అని వచ్చింది. కౌంటర్‌లో అమ్మాయి కాగితం మడిచి చేతిలో పెట్టి డాక్టర్ గారిని కలవండి అని తల తిప్పేసుకుంది. డాక్టర్ గారు రెండు నిమిషాల్లో "పీసీఆర్ చేయించండి, అది వచ్చాక చూద్దాం, ఆపరేషన్‌కి తొందరేం లేదు" అని తర్వాతి పేషెంట్‌ని పిలిచారు. నేను అడగాల్సినవన్నీ బయటికొచ్చి మెట్లు దిగుతుంటే గుర్తొచ్చాయి.

నిన్న శాంపిల్ ఇచ్చాను. హైదరాబాద్ పంపుతారట, మంగళవారం సాయంత్రం రిపోర్ట్ అన్నారు. ఫోన్‌కి ఒక లింక్ వచ్చింది. మంగళవారం అని తెలిసి కూడా గంటకోసారి తెరిచి చూస్తున్నాను, ప్రాసెసింగ్ అనే ఉంటుంది.

1997లో నాకు ఎనిమిదేళ్ళప్పుడు మేమెక్కిన బస్సు బోల్తా పడింది, తొడ ఎముక విరిగి చాలా రక్తం పోయిందని రెండు బాటిళ్ళు ఎక్కించారట. అప్పుడే వచ్చిందేమోనని నా అనుమానం. అదే నిజమైతే ఇన్నేళ్ళుగా ఒంట్లో పెట్టుకుని తిరిగినట్టే కదా, ఇద్దరు పిల్లల్ని కన్నాను, పాలిచ్చాను. నిన్న రాత్రి అందరూ పడుకున్నాక బీరువా మీదున్న సూట్‌కేసు దించి రెండు కాన్పుల ఫైళ్ళూ వెతికాను. హెచ్‌ఐవీ ఉంది, హెపటైటిస్ బి కోసం చేసే హెచ్‌బీఎస్ఏజీ ఉంది, సిఫిలిస్ కోసం చేసే వీడీఆర్‌ఎల్ ఉంది, షుగర్ థైరాయిడ్ అన్నీ ఉన్నాయి, హెచ్‌సీవీ మాత్రం ఎక్కడా లేదు. ఆ కాగితాలన్నీ నేల మీద పరుచుకుని రెండింటిదాకా అలాగే కూర్చున్నాను.

ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మా ఆయన హైదరాబాద్‌లో పని చేస్తారు, శనివారం వస్తారు. అత్తగారు మాతోనే ఉంటారు. పెళ్ళిలో మా అమ్మ నా పేరు కొట్టించి ఇచ్చిన స్టీలు పళ్ళెం ఉంటే అది ఒక్కటీ తీసి నాకు వేరుగా పెట్టుకున్నాను, గ్లాసు కూడా. ఈ రోజు పాప ఆ పళ్ళెంలో పెరుగన్నం పెట్టుకుని కూర్చుంటే చేతిలోంచి లాగేసుకున్నాను, అది బిత్తరపోయి చూసింది. ఎందుకమ్మా అంటే ఏం చెప్పాలో తెలీలేదు.

మంగళవారం దాకా ఎలా ఉండాలి? ఆయనకి ఇప్పుడే చెప్పాలా, రిపోర్ట్ వచ్చాక చెప్పాలా? ఇలా ఎదురు చూసినవాళ్ళు ఎవరైనా ఉంటే దయచేసి రాయండి.


ల్యాబ్_మనిషి
శుక్రవారం ఉదయం 6:15

అక్కా, నేను ల్యాబ్ టెక్నీషియన్‌ని, పద్నాలుగేళ్ళ నుంచి ఇదే పని, ఇలాంటి శాంపిళ్ళు రోజూ నా చేతుల మీదుగా వెళ్తాయి. ముందు ఆ పళ్ళెం తీసి స్టాండ్‌లో పెట్టేయండి. కంచం, గ్లాసు, ఎంగిలి, ఒళ్ళో కూర్చోబెట్టుకోవడం, ముద్దు పెట్టుకోవడం, వీటి వల్ల హెపటైటిస్ సి రాదు. రక్తం రక్తంలో కలిస్తేనే వస్తుంది. రేజర్, నెయిల్ కట్టర్, టూత్ బ్రష్ ఈ మూడూ మాత్రం వేరుగా ఉంచుకోండి, తెగిన చోట ప్లాస్టర్ వేసుకోండి, అంతే చాలు. పాలివ్వడం వల్ల కూడా రాదు, ఆ బాధ ఈ క్షణమే తీసేయండి.

రియాక్టివ్ అంటే జబ్బు ఉందని కాదు. అది యాంటీబాడీ టెస్ట్, ఎప్పుడో ఒకప్పుడు ఈ వైరస్ మీ ఒంట్లోకి వచ్చింది, ఒళ్ళు దానితో పోట్లాడింది అని చెప్తుంది. ఆ పోట్లాటలో ఎవరు గెలిచారో చెప్పదు. డబ్ల్యూహెచ్ఓ లెక్క ప్రకారం వైరస్ సోకిన వాళ్ళలో నూటికి 15 నుంచి 45 మందికి ఆరు నెలల్లోపే మందులేం వాడకుండా దానంతటదే పోతుంది. వైరస్ పోయినా యాంటీబాడీ మిగిలిపోతుంది కాబట్టి వాళ్ళకి కూడా ఈ టెస్ట్ చేస్తే రియాక్టివ్ అనే వస్తుంది. ఇప్పుడు వైరస్ ఉందా లేదా అనేది పీసీఆర్ ఒక్కటే చెప్పాలి.

మీ కాగితంలో రియాక్టివ్ పక్కన ఏదైనా నంబర్ ఉందా? 1 దాటితే రియాక్టివ్ అని రాస్తాం. 1.3, 2 లాంటివి వస్తే చాలాసార్లు ఉత్తుత్తి పాజిటివ్ అయ్యే అవకాశం ఉంటుంది.

రిపోర్ట్‌కి ఎందుకు అన్ని రోజులో కూడా చెప్తాను, ఇది తెలియకే మనుషులు సగం నలిగిపోతారు. ఊదా రంగు మూత ట్యూబులో తీశారు కదా, దాన్ని తిప్పి పైన తేరిన ప్లాస్మా వేరు చేస్తారు, ఐస్ బాక్సులో పెట్టి రాత్రి బండికి పంపిస్తారు. అక్కడ ఒక్క శాంపిల్ కోసం మెషిన్ వేయరు, కొన్ని పోగయ్యాక కలిపి రన్ చేస్తారు. మధ్యలో ఆదివారం వచ్చిందంటే ఇంకో రోజు. మెషిన్ సరిగ్గా చేస్తోందో లేదో చూడటానికి కంట్రోల్ అని ఒక తెలిసిన శాంపిల్ కూడా పెడతారు, ఆ రన్‌లో అది ఫెయిలైతే మొత్తం మళ్ళీ మొదటి నుంచి. లేట్ అయిందంటే పాజిటివ్ వచ్చినట్టే, అందుకే చెప్పలేక నానుస్తున్నారు అనుకుంటారు చాలామంది. కాదక్కా. మీ పేరు చూసి ఎవరూ ఆపరు, మాకు అక్కడ కనబడేది బార్‌కోడ్ మాత్రమే. లింక్‌లో ప్రాసెసింగ్ అని ఉంటే అది మంచి వార్తా కాదు చెడ్డ వార్తా కాదు, మెషిన్ వంతు ఇంకా రాలేదు అంతే. ఆ లింక్ రోజుకి ఒక్కసారి, సాయంత్రం చూడండి.


నేచురల్_లైఫ్
శుక్రవారం ఉదయం 8:02

టెన్షన్ వద్దు మేడమ్, రిపోర్ట్ వచ్చేలోపే నేల ఉసిరి దంచి పరగడుపున రసం తాగండి, లివర్ కడిగినట్టు అవుతుంది, మా ఊళ్ళో పసరు మందు పోసే ఆయన కూడా ఉన్నారు, మూడు ఆదివారాలు చాలు, ఎంతమందికి తగ్గిందో. ఇంగ్లీషు మందులు మొదలుపెడితే జీవితాంతం వాడాలి.


కరీంనగర్_పెద్దన్న
శుక్రవారం మధ్యాహ్నం 1:30

చెల్లె, నాది కరీంనగర్, 54 ఏళ్ళు. పైన పసరు సంగతి రాసినాయన మంచి మనసుతోనే రాసిండేమో గని, నేను ఆ తొవ్వల పోయి వచ్చినోణ్ణి కాబట్టి చెప్తున్న, పోవద్దు.

2016ల మా ఆఫీసుల రక్తదానం పెట్టిండ్రు, నేను ఇచ్చిన. పది రోజులకి బ్లడ్ బ్యాంకు నుంచి ఫోన్, ఒకసారి వచ్చి కలువుండ్రి అని. పోతే గిదే మాట, హెచ్‌సీవీ రియాక్టివ్. నాకు రక్తం ఎక్కించింది లేదు, ఏ అలవాటూ లేదు. మాది పల్లె, చిన్నప్పుడు జ్వరమొస్తే ఆర్‌ఎంపీ దగ్గర సూది. గాజు సిరంజి, గిన్నెల ఉడకబెట్టిన నీళ్ళు, ఊరందరికీ అదే సూది, సూది ఎయ్యకపోతే ఆయన డాక్టరే కాదన్నట్టు ఉండేది మనకి. అట్లనే వచ్చిందనుకుంట, ఎన్నడొచ్చిందో దేవునికే ఎరుక.

నా రిపోర్ట్‌కి అప్పుడు తొమ్మిది రోజులు పట్టింది. ఆ తొమ్మిది రోజులల్ల నేను చేసిన తప్పులు రెండు. ఒకటి, ఎవరో చెప్పిండ్రని పసరు తాగిన. వాంతులు, కడుపునొప్పి, లివర్ దెబ్బతింటే పెరిగే ఎస్‌జీపీటీ ముందు 70 చిల్లర ఉన్నది 300 దాటింది. ఏది వైరస్ వల్లనో ఏది పసరు వల్లనో డాక్టరుకి సమజ్ కాలె, నెల దినాలు ఆగి మళ్ళ టెస్టులు చేసిన్రు. రెండోది, ఎవరికీ చెప్పలె. అన్నం నాది నేనే పెట్టుకునుడు, మా బిడ్డ దగ్గరికొస్తే దూరం జరుగుడు, పక్క రూముల ఒక్కణ్ణే పండుడు. నేను వాళ్ళను కాపాడుతున్న అనుకున్న. ఏడాది తర్వాత మా బిడ్డ మాటల మధ్యల అన్నది, "నాయినా, అప్పుడు నా మార్కులు తక్కువొచ్చినయని నువ్వు నాతోని మాట్లాడలేదు గదా" అని. పదో తరగతి పిల్ల, ఏడాది అదే మనసుల పెట్టుకుని తిరిగింది. నీ పాప పళ్ళెం సంగతి చదివినంక నాకు అదే యాదికొచ్చింది, అందుకే ఇంత పొడుగు రాస్తున్న.

నాకు పీసీఆర్ పాజిటివ్ వచ్చింది, దాపెట్టుడెందుకు. వైరల్ లోడ్, అంటే రక్తంల వైరస్ లెక్క, లక్షలల్ల ఉండె. ఆ అంకె చూసి ఇగ అయిపోయిందనుకున్న, గని లోడ్ ఎక్కువున్నంత మాత్రాన లివర్ ఎక్కువ పాడైనట్టు కాదని డాక్టర్ సార్ బొమ్మ గీసి చెప్పిండు. సోఫోస్‌బువిర్, డక్లాటాస్విర్ రెండు గోలీలు, పొద్దున ఒక్కసారి, పన్నెండు వారాలు. జీవితాంతం కాదు, 84 రోజులు. ఒగ సూది లేదు. జెర తలనొప్పి, నీరసం, డ్యూటీ ఒక్కరోజు కూడ బందు పెట్టలె. గోలీలు అయిపోయిన పన్నెండు వారాలకి మళ్ళ పీసీఆర్ చేస్తే నాట్ డిటెక్టెడ్. గిప్పటికీ అదే.

ఇంకోటి చెప్త. అమెరికాల ఈ సోఫోస్‌బువిర్ 2013 చివర్ల వచ్చినప్పుడు ఒక గోలీ వెయ్యి డాలర్లు, మొత్తం కోర్సు 84,000 డాలర్లు. తర్వాత మన దేశంల లైసెన్సులిచ్చిండ్రు, మన హైదరాబాద్ కంపెనీలు హెటిరో, నాట్కో కూడ చేసినయి. నేను మందు తెచ్చుకున్న డబ్బా మీద హైదరాబాద్ అని చదివి మెడికల్ షాపు ముంగటనే నిలబడి ఏడ్సిన. నా మందు నా పక్కన్నే తయారైతున్నది, నేనేమో పసరు కోసం నలభై కిలోమీటర్లు పోయొచ్చిన.

నీ భర్తకి చెప్పు చెల్లె. ఫోన్ల వద్దు, శనివారం వచ్చినంక కూసోబెట్టి, కాగితం చేతిల పెట్టి చెప్పు.


సిస్టర్_రాజమండ్రి
శుక్రవారం రాత్రి 9:45

అమ్మా, నేను ప్రభుత్వ ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుని. పైవాళ్ళు చెప్పినవి మళ్ళీ చెప్పను, మిగిలినవి రాస్తాను.

నేల ఉసిరి, పసరు, లివర్ టానిక్కులు, ప్రోటీన్ పౌడర్లు ఏవీ ఈ నాలుగు రోజులు వద్దు. నొప్పికి పారాసెటమాల్ కూడా డాక్టర్ చెప్పిన దానికన్నా ఎక్కువ వేసుకోవద్దు. గాల్ బ్లాడర్ నొప్పి గట్టిగా వస్తే, జ్వరం వచ్చినా, కళ్ళు పచ్చబడినా మంగళవారం దాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్ళిపోండి, ఆ రాళ్ళ సంగతి వేరు, దీని సంగతి వేరు. హెచ్‌సీవీ ఉన్నవాళ్ళకి ఆపరేషన్ చేయకూడదని ఏమీ లేదు, జాగ్రత్తలు తీసుకుని రోజూ చేస్తూనే ఉంటాం.

1997 రక్తం గురించి మీ అనుమానంలో అర్థం ఉంది. ఈ వైరస్‌ని కనిపెట్టిందే 1989లో, అంతకుముందు ఏ కాదు, బి కాదు అనే పేరుతో పిలిచేవారు. మన దగ్గర ప్రతి రక్తం బాటిల్‌కీ సి టెస్ట్ తప్పనిసరి అయింది 2000 దాటాకే. మీకు ఎక్కించినప్పుడు ఆ రక్తం ఇచ్చినవాళ్ళకీ తెలిసి ఉండదు, ఎక్కించినవాళ్ళకీ తెలిసి ఉండదు. మీరు చేసిన తప్పంటూ ఇందులో ఎక్కడా లేదమ్మా, ఆ మాట కాస్త గట్టిగా పట్టుకోండి.

పిల్లల సంగతి. తల్లికి వైరస్ ఉంటే కాన్పులో బిడ్డకి వచ్చే అవకాశం నూటికి 5, 6 మందికి ఉంటుంది. మీ పీసీఆర్ నెగటివ్ అయితే సాధారణంగా పిల్లలకి టెస్ట్ అక్కర్లేదు, డాక్టర్‌ని ఒక మాట అడిగితే చాలు. పాజిటివ్ అయితే ఇద్దరికీ ఒక్క రక్త పరీక్ష, ఒకవేళ ఉన్నా ఇప్పుడు పిల్లలకి కూడా మందులున్నాయి. మీ ఆయనకి కూడా ఒకసారి చేయిస్తే సరిపోతుంది, భార్యాభర్తల మధ్య రావడం చాలా తక్కువ.

పాజిటివ్ వస్తే డబ్బు గురించి భయపడకండి. 2018 జులై 28న కేంద్రం హెపటైటిస్ కార్యక్రమం మొదలుపెట్టింది, దాని కింద ఎంపిక చేసిన ప్రభుత్వ ఆసుపత్రుల్లో టెస్టులూ మందులూ ఉచితం. జీజీహెచ్‌లో, అంటే ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో, మెడిసిన్ గానీ గ్యాస్ట్రో గానీ ఓపీలో అడగండి, ఏ రోజు చూస్తారో చెప్తారు. మందు పూర్తిగా వాడినవాళ్ళలో నూటికి 95 మందికి పైగా నయమవుతుంది. లివర్ ఎంత గట్టిపడిందో చూడటానికి ఫైబ్రోస్కాన్ అని ఒకటి ఉంది, సూదీ లేదు కోతా లేదు, పక్క మీద పడుకుంటే పదినిమిషాలు. మీది పాతికేళ్ళు దాటిన వ్యవహారం అయి ఉండొచ్చు కాబట్టి అది తప్పకుండా అడగండి, ఇది భయపెట్టడానికి చెప్పట్లేదు, మర్చిపోకూడదని చెప్తున్నా. మందు మొదలుపెట్టేముందు హెపటైటిస్ బి కూడా చూస్తారు, మీకు హెచ్‌బీఎస్ఏజీ లేదని వచ్చింది కదా, ఆ కాగితం దాచుకోండి, మిగతావి వాళ్ళు చెప్తారు.

రాత్రిళ్ళు నిద్ర పట్టకపోతే వెతకడం మానేసి ఒక పని చేయండి. పాత నోట్ బుక్ తీసుకుని డాక్టర్‌ని అడగాల్సినవి వరసగా రాయండి. మెట్లు దిగుతుంటే గుర్తొచ్చాయన్నారు చూడండి, అవే. మా ఓపీకి అలా కాగితం పట్టుకొచ్చిన వాళ్ళకి డాక్టర్ గారు తప్పకుండా ఐదు నిమిషాలు ఎక్కువ కూర్చుంటారు, నేను చూసి చెప్తున్నాను.


వెన్నెల_గుంటూరు
ఆదివారం రాత్రి 10:20

అందరికీ చేతులెత్తి నమస్కారం అండి. ముగ్గురూ రాసినవి ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. నేచురల్ లైఫ్ గారూ, మీరు సాయం చేయాలనే రాశారు, కానీ నేను ఆ రసం తాగనండి.

ల్యాబ్ తమ్ముడూ, కాగితంలో నంబర్ చూశాను, 11.2 అని ఉంది. అది ఎక్కువే కదా.

నిన్న మా ఆయన వచ్చారు. పిల్లలు పడుకున్నాక డాబా మీదకి తీసుకెళ్ళి కాగితం ఇచ్చాను. చాలాసేపు ఏం మాట్లాడలేదు, ఫోన్ లైట్ వేసుకుని రెండు మూడుసార్లు చదివారు. నాకు ఆ రెండు నిమిషాలు ఈ నాలుగు రోజులకన్నా ఎక్కువ అనిపించాయి. తర్వాత "మూడు రోజుల నుంచి ఫోన్‌లో నీ గొంతు వేరేలా ఉంది, నా మీద ఏదో కోపం అనుకున్నా" అన్నారు. కరీంనగర్ అన్నయ్య గారు రాసింది చూపించాను. చదివి కింద కెళ్ళి పాప పక్కన కాసేపు కూర్చుని వచ్చారు. మంగళవారం దాకా సెలవు పెట్టారు. అత్తగారికి రిపోర్ట్ వచ్చాక చెబుదాం అన్నారు, నాకూ అదే మంచిదనిపించింది.

భయం పోలేదండి, అబద్ధం ఎందుకు చెప్పాలి. పొద్దున లేవగానే కడుపులో దేవినట్టు అవుతోంది. కానీ పాతికేళ్ళుగా నాలో ఏదో ఉందని తలుచుకుని తలుచుకుని నా ఒంటి మీద నాకే పుట్టిన అసహ్యం మాత్రం సిస్టర్ గారి మాటలు చదివాక కొంచెం తగ్గింది. నోట్ బుక్‌లో పదకొండు ప్రశ్నలు రాశాను.


ల్యాబ్_మనిషి
సోమవారం ఉదయం 6:30

అక్కా, 11 అంటే యాంటీబాడీ నిజంగానే ఉండే అవకాశం ఎక్కువ, ఉత్తుత్తి అని చెప్పి మిమ్మల్ని మభ్యపెట్టను. కానీ వైరస్ ఇప్పుడు ఉందా అనేది ఆ నంబర్ చూసి తేల్చలేం, వైరస్ పోయినవాళ్ళకి కూడా పెద్ద నంబర్లు రావచ్చు. రిపోర్ట్‌లో "టార్గెట్ నాట్ డిటెక్టెడ్" అని ఉంటే వైరస్ దొరకలేదని. "డిటెక్టెడ్, 15 కన్నా తక్కువ" లాంటిది ఉంటే అది నెగటివ్ అనుకోకండి, ఉంది కానీ లెక్కపెట్టలేనంత తక్కువ అని, మళ్ళీ చేయించమంటారు. ఈ రెండూ చూసి చాలామంది కంగారులో తారుమారు చదువుతారు.


వెన్నెల_గుంటూరు
మంగళవారం రాత్రి 8:50

రిపోర్ట్ ఇంకా రాలేదండి. సాయంత్రం ఇద్దరం ల్యాబ్‌కే వెళ్ళాం, రన్ రిపీట్ చేస్తున్నారట, గురువారం అన్నారు. వారం కిందట అయితే అక్కడే కూలబడిపోయేదాన్నేమో, ఈ రోజు "కంట్రోల్ ఫెయిల్ అయిందా అండి" అని అడిగాను, ఆ అబ్బాయి ఆశ్చర్యపోయి అవునండి అన్నాడు. వచ్చే దారిలో జీజీహెచ్‌లో ఓపీ రోజులు కనుక్కుని వచ్చాం, ఎటు వచ్చినా పనికొస్తుందని.

ఇప్పుడే భోజనాలయ్యాయి. స్టాండ్‌లోంచి పళ్ళాలు తీసి పెట్టింది పాపే, నా పేరున్న పళ్ళెం తనే ఉంచుకుని ఒకసారి నా వైపు చూసింది. పప్పు వడ్డించాను.

గురువారం రాస్తాను.